బేరిచెట్టుకి పూచీ

మా ఆయన పాడేరు కొండల పక్క పనికెళ్ళి తెచ్చిన బేరిపళ్ళ మొక్కను పెళ్ళయిన కొత్తలోనే పెరట్లో నాటాం. మాది సముద్రం పక్క ఊరు; చుట్టూ జీడి, కొబ్బరి, మధ్యలో అదొక్కటే పరాయిది. రోజూ నీళ్ళు నేనే పోసేదాన్ని. ఏపుగా ఎదిగింది, కానీ ఏడేళ్ళయినా పూత లేదు. నాకూ పిల్లల్లేరు.

"ఆ గొడ్డుదానికి ఎంత సేసినా అంతే," అనేది మా అత్త అరుగు మీద కూర్చుని. ఏ గొడ్డుదో చెప్పేది కాదు. నాకు ఒళ్ళు మండి బిందె దభీమని దించేదాన్ని. టెక్కలిలో మొక్కలమ్మే అతన్ని అడిగితే, ఈ జాతికి గట్టి చలి పడాలమ్మా, చెట్టు తప్పేం లేదన్నాడు. ఆ మాట అత్తకి చెప్పి చూడండి!

ఆ మాఘంలో సంతబొమ్మాళి నుంచి మనుషులొచ్చారు, మా ఆయనకి రెండో సంబంధం మాట్లాడ్డానికి. నోట్లో నువ్వుగింజ నానని మా ఆయన కాస్తా వారం రోజులు అవుననలేదు, కాదనలేదు.

మా వైపు కాయని చెట్టుని బెదిరిస్తారు. ఒకరు గొడ్డలెత్తి నరికేస్తానంటారు. ఇంకొకరు అడ్డంపడి, వచ్చే ఏడు కాస్తుందని పూచీ పడతారు. అలా మూడుసార్లు. ఆదివారం పొద్దున్నే అత్త ఆయన చేతికి గొడ్డలిచ్చి నావైపు తిరిగింది.

"పూసీ నువ్వే పడాలే. వచ్చే ఏడికి కాయకపోతే సెట్టు కొట్టించేత్తాను. బూత్‌కెళ్ళి సంతబొమ్మాళోలకి సరేనని పోను సేయించేత్తాను."

ఆయన గొడ్డలెత్తాడు. "కాత్తావా, సత్తావా?"

"వద్దు మావా, వచ్చే ఏడు కాత్తాది," అన్నాను. రెండోసారీ అన్నాను.

మూడోసారి గొడ్డలి లేచేసరికి నావల్ల కాలేదు. "కాత్తాదని నేను పూసీ పడను మావా. ఈ ఉప్పుగాలికి బతకడమే గొప్ప. కాయకపోయినా ఉండనీ."

"ఓలమ్మో! అలాగనకే, సెట్టు ఇనేత్తాది!" అత్త గుండెలు బాదుకుంది.

"ఇననీ!"

ఆయన గొడ్డలి అలాగే పట్టుకుని చెట్టు వైపు చూశాడు, నావైపు చూశాడు. తర్వాత దాన్ని కింద పడేశాడు.

"కాయకపోయినా ఉంటాదమ్మా," అన్నాడు వాళ్ళమ్మతో. "పూసీ నాది. సంతబొమ్మాళోలకి పోను సెయ్యొద్దు."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"ఆ సంతబొమ్మాళోలు మన గుమ్మం తొక్కిన నాడే ఈ మాట అనడానికి నీకేటైంది?" అని ఆయన మీద అరిచాను.