సజ్జ మీది ట్యాంకు

ఈస్టర్‌కు ఇంకా మూడు వారాలు ఉన్నాయనగా మా అత్తమ్మ గదిలో గోడ చెమర్చింది. ఆమె మంచానికి తల వైపున మొదట అరచేతంత మచ్చ కనిపించింది. వారం తిరిగేసరికి అది చాటంత అయింది. రంగు పొక్కులు లేచి, పొద్దున్నే ఆమె దిండు మీద తెల్లటి పొడి రాలి ఉండేది.

శంషాబాద్‌లో మాది రెండు గదుల ఇల్లు. మా ఆయన ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. నేను ఆ దగ్గర్లోనే ఒక హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికే చోట పనిచేస్తాను. అత్తమ్మ మహేశ్వరం వైపు పొలాల్లో ఒళ్లు వంచి బతికిన మనిషి. ఉబ్బసం పట్టుకున్నాక మా దగ్గరకు వచ్చింది. ఆ తేమ వాసనకు ఆమె దగ్గు రెట్టింపయింది. దవాఖానలో డాక్టరమ్మ ఛాతీ పరీక్షించి, "మందులు రాస్తాను. కానీ ముందు ఆ గోడ సంగతి చూడండి" అంది. తిరిగి వచ్చే దారంతా ఆటోలో నేను ఆ గోడ గురించే ఆలోచించాను.

స్లాబు కారుతోందన్నాడు మా ఆయన.

"వానలే లేవు, స్లాబు ఎట్ల కారుతది?"

"పోయినేడు నీళ్లు లోపల్నే ఉండిపోయినయేమో. మంచం హాల్లకు జరుపుదాం."

హాలు తలుపు తీస్తే రోడ్డు దుమ్మంతా లోపలే. "ఆడికి పోతే ఇంకా జల్ది పోత నేను" అంది అత్తమ్మ, మంచం పట్టె పట్టుకుని.

ప్లంబర్‌ను పిలిపించాను. అతను గోడను వేళ్లతో కొట్టి చూసి, పక్కనున్న బాత్రూంలోకి వెళ్లి వచ్చాడు.

"లోపల పైపు పలిగినట్టుంది అక్కా. టైల్స్ తీసి గోడ పలగగొట్టాలె."

"ఏ పైపు అన్నా? ఏడ పలిగింది?"

"పలగగొడితెనే తెలుస్తది."

"తెల్వకుండనే ఎట్ల పలగగొడతవ్? ఏడ కారుతుందో చూపియ్యి, అప్పుడు పలగగొట్టు."

"ఊకె పరేషాన్ అవుతున్నవ్ అక్కా. రేపొస్త, సోచాయించుకో" అన్నాడు సామాను సంచి భుజానికి తగిలించుకుంటూ. రేపు రావద్దన్నాను. అతను వెళ్లాక నాకు కొంచెం భయం వేసింది. పైపుల గురించి నాకేం తెలుసు? కానీ ఆ దుమ్ములో అత్తమ్మను కూర్చోబెట్టి గోడ పగలగొట్టించడం మాత్రం నా వల్ల కాదనుకున్నాను.

మచ్చ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాను. బాత్రూంకి నీళ్లు వచ్చే వాల్వు కట్టేశాను. రెండు రోజులు ముగ్గురం పెరట్లో పాత చీర అడ్డం కట్టుకుని స్నానాలు చేశాం. మా ఆయన సణుగుతూనే చేశాడు. మూడో రోజు పొద్దున చూస్తే తేమ పెన్సిల్ గీత దాటి బెత్తెడు దూరం పాకింది. అంటే బాత్రూం పైపు తప్పేమీ లేదు.

ఇక మిగిలింది బాత్రూం పైన సజ్జ మీదున్న చిన్న ట్యాంకు. వంటింటికి నీళ్లు వచ్చేది దాన్నుంచే. స్టూలు ఎక్కి టార్చి వేసి చూశాను. ముందు వైపు ఎండిపోయి దుమ్ము పట్టి ఉంది. అడుగున మాత్రం, గోడ వైపు, తడి మెరుస్తోంది. ట్యాంకు వెనక చెయ్యి దూరే సందు కూడా లేదు. తిప్పి చూడాలంటే ఖాళీ చెయ్యాలి, ఖాళీ చేస్తే ఎక్కడ కారుతోందో కనబడదు. స్టూలు మీదే నిలబడి ఆలోచిస్తుంటే కింద నుంచి అత్తమ్మ అడిగింది.

"ఏమైంది బిడ్డా?"

చెప్పాను.

"కుండ కారితే ఏం జేస్తుంటిమి? నిండ నీళ్లు పోసి పెడుతుంటిమి. నీళ్లు దిగి దిగి ఏడ ఆగితే, బొక్క ఆడ ఉన్నట్టు."

ఆ రోజు నాకు సెలవు. ట్యాంకు నింపి, వచ్చే వాల్వు, పోయే వాల్వు రెండూ కట్టేశాను. గంటకోసారి స్టూలు ఎక్కి, నీళ్లు ఎక్కడున్నాయో లోపలి వైపు బొగ్గుతో గుర్తు పెట్టాను. మొదట రెండు వేళ్లు దిగాయి. తర్వాత నాలుగు వేళ్లు. సాయంత్రానికి సగానికి కాస్త కిందికి వచ్చాయి. మర్నాడు డ్యూటీకి బయలుదేరుతూ ఎక్కి చూస్తే, నీళ్లు సాయంత్రం పెట్టిన గుర్తు దగ్గరే ఉన్నాయి.

"ఆగినయ్ అత్తమ్మా! ఆడనే ఆగినయ్!" అని అరిచాను. ఆ రోజు బస్సు తప్పిపోయినా నాకు బాధ వెయ్యలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే నీళ్లన్నీ బిందెల్లోకి, బకెట్లలోకి దింపాం. అత్తమ్మ ఒక్క చెంబుడు కూడా పారబోయనివ్వలేదు. మా ఆయన, నేను కలిసి ట్యాంకును మెల్లగా తిప్పాం. సరిగ్గా ఆ ఎత్తులో, వెనక వైపు, జొన్నగింజంత బొక్క ఉంది. దానికి ఎదురుగా గోడలోంచి అంగుళం మేర ఇనుప చువ్వ పొడుచుకుని ఉంది. నీళ్లు నిండినప్పుడల్లా ట్యాంకు ఉబ్బి ఆ చువ్వకు రాసుకుంటూ వచ్చిందన్నమాట, ఇన్నేళ్లూ.

మా ఆయన చువ్వను వేలితో తడిమాడు. "ఇల్లు కట్టినప్పుడు ట్యాంకు నేనే పెట్టిన. ఇది చూడనే లేదు" అన్నాడు మెల్లగా.

"ఇప్పుడు చూసినం గద. కొయ్యి" అన్నాను. అతను రంపం బ్లేడుతో చువ్వను గోడ సమానంగా కోసేశాడు.

అతికించే ముద్ద కొనుక్కొచ్చి, పిసికి, బొక్క మీద నొక్కాం. ఒక రోజు ఆరనిచ్చి నీళ్లు నింపితే సాయంత్రానికి బిళ్లలా ఊడి కింద పడింది.

"కొత్తది తెద్దాం తియ్" అన్నాడు మా ఆయన.

"జొన్నగింజంత బొక్కకు ట్యాంకంత పారేస్తమా?"

హార్డ్‌వేర్ షాపులో పెద్దాయనను అడిగాను. ఈ ప్లాస్టిక్‌కు ఏ ముద్దా పట్టదని, బొక్కలోంచి తుప్పు పట్టని బోల్టు దూర్చి, రెండు వైపులా రబ్బరు బిళ్లలు వేసి బిగించమని చెప్పాడు. పంచర్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చాను. అత్తమ్మ రూపాయి బిళ్ల పెట్టి గుండ్రంగా గీసింది, నేను కత్తెరతో కోశాను.

బయట మా ఆయన బోల్టు తిప్పాలి, లోపల నేను నట్టు పట్టుకోవాలి. మూతలోంచి భుజం దాకా చెయ్యి దూర్చి, చెంప ట్యాంకు అంచుకు ఆనించి, ఏమీ కనబడకుండా వేళ్లతోనే వెతుక్కున్నాను. పాచి వాసన. నట్టు జారి అడుగున పడింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది.

"అయితలేదు, విడిసిపెట్టు" అన్నాడు.

"నువ్వు తిప్పుడు ఆపకు."

మూడోసారి నట్టు మరను పట్టుకుంది. స్పానర్ ఇక కదలనంత దాకా తిప్పించాను. నా భుజం మీద ట్యాంకు అంచు చేసిన ఎర్రటి చార వారం రోజులు ఉంది.

మళ్లీ నింపాం, మళ్లీ వాల్వులు కట్టేశాం. ట్యాంకు కింద పొడి పేపరు పరిచాను. మర్నాడు నీళ్లు నింపిన చోటే ఉన్నాయి. పేపరు కరకరలాడుతోంది. మా ఆయన దాన్ని తీసుకెళ్లి వాళ్లమ్మ చేతిలో పెట్టాడు.

గోడ ఆరడానికి నెల పైనే పట్టింది. పొక్కులు గీకి, లప్పం పెట్టి, రంగు నేనే వేశాను. అత్తమ్మ లేత పసుపు కావాలంది. గడప అవతల కుర్చీ వేసుకుని కూర్చుని, నేను వదిలేసిన చోట్లన్నీ చూపించింది.

"గాడ పోయింది బిడ్డా. జర పైన. ఇగ ఆ మూలకు."

ఆమె దగ్గు పూర్తిగా పోలేదు. కానీ ఆ పూటంతా నాకు పనులు చెబుతూనే ఉంది, ఊపిరి అందక ఒక్క మాట కూడా మధ్యలో ఆపలేదు.