సరిహద్దు దాటిన మూడో నెల మందులు

హిమాలయాలు దాటి నేపాల్ వెళ్ళొచ్చాను. అంటే, సరిహద్దు గేటు దాటి షేర్ ఆటోలో పావుగంట. దూరాన తెల్లగా కనిపించినవి కొండలు కావు, మబ్బులే.

మా వెనక గదిలో అద్దెకుండే దీపక్ కోసం ఈ ప్రయాణం. నేపాలీ కుర్రాడు, మా భిలాయి పవర్ హౌస్ మార్కెట్లో మోమోలు చేస్తాడు. క్షయకి రెండు నెలలు మందులు వాడేసరికి దగ్గు పోయింది. ఇంకా నాలుగు నెలలు వాడాల్సి ఉండగా, అమ్మకు కాలు విరిగిందని ఊరి నుంచి కబురొచ్చింది. ఆసుపత్రివాళ్ళు బదిలీ కాగితం, రెండు వారాల మాత్రలు ఇచ్చి, సరిహద్దు అవతల భైరహవా ఆసుపత్రిలో చూపించమన్నారు. మీ ఇళ్ళలో ఎవరైనా ఇలా వెళ్తుంటే ముందే ఆసుపత్రిలో చెప్పండి. ఊరెళ్ళాక వీడు మందు మానేస్తాడని నా భయం, అందుకే వెంట బయల్దేరాను.

"మీరెల్లి ఏటి సేత్తారు? రైల్లో నిద్రోతారు," అంది మా ఆవిడ.

సాయంత్రం దుర్గ్‌లో, సరిహద్దు దగ్గరున్న నౌతన్‌వా వెళ్ళే బండెక్కాం. స్లీపర్. కుమ్హారి స్టేషన్ రాకముందే పులిహోర అయిపోయింది. ఎదుటి బెర్తులో, ఉతై ఊళ్ళో బట్టల కొట్టు నడిపే తెలుగావిడకి, నేను పెద్ద డాక్టర్నని చెప్పాను.

"అయితే బాబూ, నా మోకాలు కాస్త సూడండి."

"ప్లాంట్లో క్రేన్ నడిపినోణ్ణమ్మా. గ్రీజు రాయడం తప్ప ఏటీ తెలీదు."

ఆవిడ నవ్వి నాకో అరిసె పెట్టింది.

తెల్లారేసరికి పొగమంచులో ఆవచేలు పసుపుగా తేలిపోతున్నాయి. బండి కదులుతోందో, లోకమే వెనక్కి పోతోందో తెలియలేదు. దీపక్ మాత్రలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"దగ్గు పోయింది కదా చాచా. ఇంకా దేనికి?"

"నాకూ వచ్చిందిరా. సగంలో మానేశాను. తిరగబెడితే ఏడాది సూదులు పొడిచారు."

మింగాడు.

రాత్రి నౌతన్‌వా లాడ్జిలో పడుకుని, పొద్దున్నే సరిహద్దు గేటున్న సునౌలి చేరాం. జనం వీధి దాటినట్టు దేశం దాటుతున్నారు. భైరహవా ఆసుపత్రిలో నర్సు కాగితం చదివి, భిలాయికి ఫోన్ చేసి, "మొదట్నించి అక్కర్లేదు, మూడో నెల నుంచే ఇస్తాం," అంది.

"చాచాకీ వచ్చింది దీదీ. సగంలో మానేశారు," అన్నాడు దీపక్.

ఆవిడ వెంటనే కఫం పరీక్ష డబ్బా నా చేతిలో పెట్టింది. ఇక నిజం చెప్పక తప్పలేదు.

"నాకు రాలేదమ్మా. నా పక్క క్రేన్ నడిపిన అప్పలస్వామికి వచ్చింది. మానేసింది వాడు."

"ఆయన ఇప్పుడెక్కడ?" అన్నాడు దీపక్.

"లేడురా."

వాడు నర్సు వైపు తిరిగాడు. "రేపు ఎన్నింటికి రావాలి దీదీ?"

తిరుగు బండిలో పగలంతా కునుకులే. మనుషులు ఊరికే దాటే ఆ గేటును మందు మాత్రం ఒకరు అందిస్తే, ఇంకొకరు అందుకుంటేనే దాటింది. బిలాస్‌పూర్ దాటాక దీపక్ ఫోన్ చేశాడు.

"ఈ దీదీ మీకంటే గట్టిది చాచా. మింగాక నోరు తెరిపించి చూస్తోంది."