గాలయ్య అడిగొచ్చిన సంఘం

హయత్‌నగర్ దాటి కొన్ని మైళ్లు పోయిందో లేదో, నల్లగొండ బస్సు పొగలు కక్కి రోడ్డు మీద ఆగిపోయింది. డ్రైవరు డబ్బా పట్టుకుని నీళ్ల కోసం చెలకల్లోకి దిగాడు. ఆ రోజుల్లో ఆగిన బస్సు నీడలో తెగని బేరం లేదు. ఎద్దులు చేతులు మారేవి, సంబంధాలు కుదిరేవి, ఏ దవాఖానలో ఏ డాక్టరు మంచివాడో తెలిసేది. సిద్దిరాములుకు ఆ నీడలో వెంకటనర్సు కనబడ్డాడు.

ఇద్దరూ ఒకప్పుడు పట్నంలో ఒకే సర్కారు లెక్కల ఆఫీసులో పక్కపక్కన కూర్చున్నవాళ్లు. అట్టకార్డులకు బెజ్జాలు కొట్టి యంత్రానికి అందిస్తే, యంత్రం ఆ బెజ్జాలు చూసి లెక్కలు కూడేది. తర్వాత వెంకటనర్సు వేరే ఆఫీసుకు మారాడు. ఇప్పుడు హాలియాలో, కొత్తగా సాగర్ నీళ్లెక్కిన అత్తగారి పొలంలో నాట్లు చూడబోతున్నాడు. సిద్దిరాములు పోచంపల్లికి, తండ్రి గాలయ్యను ఒక మాట అడగడానికి పోతున్నాడు.

ఆ మాటే అతన్ని నెలరోజులుగా పీడిస్తోంది. కంప్యూటరు పనివాళ్ల సంఘమొకటి అరవై ఎనిమిదిలో పట్నంలో కొత్తగా మొదలైంది. చేరితే నెల జీతంలో సగం చందాకే పోతుంది, అదీ ఏటేటా. చేరకపోతే? ఆఫీసుకు కంప్యూటరు వస్తుందట. అది వచ్చాక కార్డుల యంత్రాలు పోతాయట. కొత్తపని నేర్వడానికి బొంబాయి పంపేవాళ్లను సంఘం సభ్యుల్లోంచే ఏరుతారట. అంతా ‘అట’లే. పెద్దసారును అడిగితే వృత్తి గౌరవం గురించి గంటసేపు చెప్పాడు. పక్క కుర్చీ ఆయన్ను అడిగితే మీటింగులో బిస్కెట్లు బాగుంటాయన్నాడు. తన కుర్చీ ఉంటుందా పోతుందా అన్న ముక్క ఒక్కరూ చెప్పలేదు. దరఖాస్తు నింపి సంచిలో పెట్టుకున్నాడు. ఇద్దరు సభ్యుల సంతకాలు కావాలి, ఒకటి దొరికింది.

వెంకటనర్సు సభ్యుడే. సిద్దిరాములుకు ప్రాణం లేచొచ్చింది.

"లాభమున్నదా లేదా, గదొక్కటి చెప్పు నర్సన్నా."

"నెలనెలా పుస్తకమొస్తది. ఇంగ్లీషుల. మస్తు మందముంటది."

"సదివినవా?"

"మా పోరగాడు నోటుబుక్కులకు అట్టలేసుకున్నడు."

సిద్దిరాములుకు నవ్వు రాలేదు. బొంబాయి సంగతి అడిగాడు. ఏమో, మా ఆఫీసుల ఇంకా మాట రాలేదన్నాడు వెంకటనర్సు. ఆ తర్వాత బీడీ ముట్టించి, "అయినా నన్నడుగుతవేంది? మీ నాయిన వచ్చి అడిగిపోయిండు గదా," అన్నాడు.

నల్లగొండ జిల్లాలో సంఘమనే మాటకు బరువెక్కువ. నిజాం కాలంలో సంఘంలో ఉన్నాడంటే చాలు, పోలీసులు తలుపులు విరగ్గొట్టేవాళ్లు. సిద్దిరాములు తల్లి అమృతమ్మ ఈనాటికీ ఆ మాట గొంతు తగ్గించే అంటుంది. నేతవాళ్ల కులసంఘానిది మరో తీరు. అందులో చేరేవాడు తనకు తాను అడగకూడదు. ఇంటిపెద్ద స్వయంగా నేసిన బట్ట తీసుకుపోయి పదిమంది ముందు పరిచి, రేపు మావాడికి ఏమన్నా అయితే వస్తారా అని అడగాలి. వస్తామన్నవాళ్లు వంగి బట్టను ముట్టుకుంటారు. ఒక్కరైనా ముట్టుకునేదాకా అడిగినవాడు కూర్చోడు. చందా మాట ఆ తర్వాతే.

కిందటిసారి ఊరికి పోయినప్పుడు సిద్దిరాములు ఈ సంఘం గురించి చెబితే గాలయ్య నేత ఆపలేదు. మగ్గం గుంటలో కాళ్లు ఆడిస్తూనే ఉన్నాడు. వినలేదనుకున్నాడు కొడుకు. వినడమే కాదు, నూలుకు చిటికి ముడులు కట్టి, రంగద్ది ఎర్రరుమాలు నేసి, కొడుకు ఆఫీసు చప్రాసిని పట్టుకుని జాగా తెలుసుకుని, మొన్నటి మీటింగుకు వెళ్లాడు. బోర్డు మీద ఏవో గీతలు గీస్తున్న పెద్దమనిషి ముందు బల్లమీద రుమాలు పరిచి, అడగాల్సింది అడిగాడు.

వెనక వరుసల్లో నవ్వారట, వెంకటనర్సే చెప్పాడు. ఆ పెద్దమనిషే అధ్యక్షుడు, ఆయనకు తెలుగు రాదు, పక్కాయన్ను అడిగి అర్థం చేసుకున్నాడు. మంచివాడే, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"కూసున్నడా?" అన్నాడు సిద్దిరాములు.

"ఎంత జెప్పినా కూసోలే. టీ సల్లారిపోయేదాక నిలవడ్డడు. ఇగ రుమాలు ఆడనే ఇడిసిపెట్టి పోయిండు."

సిద్దిరాములుకు తండ్రి మీద మొదట పట్టరాని కోపం వచ్చింది. కనుక్కోకుండా ఎవరు పొమ్మన్నారు, రేపు ఆ గదిలోకి ఏ మొహంతో పోవాలి? ఆ కోపంలోనే ఇంకో ప్రశ్న తట్టింది.

"నువ్వప్పుడు ఏడున్నవు?"

"మూడో వరుసల."

"నాయిన నిన్ను సూసిండా?"

వెంకటనర్సు బీడీ నేలకేసి తొక్కాడు. "సూసిండు."

ఉగాదికి పోచంపల్లి వచ్చి, గాలయ్య పక్కన కూర్చుని రెండు పూటలు తిన్న మనిషి. నర్సయ్యా, ఇంకొంచెం పెట్టించుకో అని గాలయ్య బతిమాలితే, చాలు బాపూ అన్న మనిషి.

"మరి లేవలేదా?"

"లేచి ఏం జెయ్యాలె సిద్దిరాములు? అందరు సూస్తరు. గది గసుంటి సంఘం గాదు, నీకు ఎరికే గదా. జర సమజ్ చేసుకో." వెంటనే గొంతు మెత్తగా చేసి, "దరఖాస్తు తెచ్చినవా? ఇటియ్యి, రెండో సంతకం నేను పెడ్త," అని జేబులోంచి పెన్ను తీశాడు.

డ్రైవరు నీళ్లు పోసి ఇంజను మూత వేశాడు. జనం ఎక్కుతున్నారు. సిద్దిరాములు బస్సెక్కి సీటు కింది సంచి తీసుకుని మళ్లీ దిగాడు. పెన్ను మూత తీసి చెయ్యి చాపుకుని నిలబడ్డ వెంకటనర్సును దాటుకుని, రోడ్డు వారన పోచంపల్లి వైపు నడిచాడు. వెనక నుంచి కండక్టరు, దిగితే పైసలు వాపసు రావని అరుస్తూనే ఉన్నాడు.