కాక చేసిన సంతకం

అబుదాబి పక్కన ముసఫ్ఫాల మా లేబర్ క్యాంపుల శుక్రవారం బువ్వ తిన్నంక అందరు పండుకుంటరు. నా రూముల మాత్రం ఏడుగురం కూసుంటుంటిమి. చింపిన సిమెంటు బస్తాల కాగితం, నేను పనిచేసే స్టోర్ల కెల్లి తెచ్చిన పెన్సిళ్లు. గంటసేపు అక్షరాలు, ఆఖరికి పది నిమిషాలు ప్రార్థన. ప్రార్థన వద్దనుకున్నోళ్లు సిగరెట్ తాగొస్తమని లేచిపోయేటోళ్లు, నేను ఏమనకపోయేది.

ఆ రూము తలుపు మీదనే కంపెనీవాళ్లు ఒక కాగితం అతికిచ్చి ఉండిరి. రూములల్ల మీటింగులు బంద్, దొరికినోడు కేన్సిల్. కేన్సిలంటే వీసా కొట్టేసి ఇంటికి తోలుడే. ఆ ముక్క అందరికి చదివి చెప్పింది కూడా నేనే, చదువొచ్చినోణ్ణి నేనొక్కణ్ణే గదా! చదివి చెప్పి, లోపలికొచ్చి క్లాసు షురూ చేసిన. ధైర్యమనుకునేరు, ఏం ధైర్యం! వరండాల ఎవని చెప్పుల చప్పుడైనా కాగితాలు పరుపు కింద దోపేటోణ్ణి. అయినా ఊకుండబుద్ధి కాలే.

ఎందుకంటే నేను ఏడేండ్లకే పటేలింట్ల జీతమున్నోణ్ణి. జీతమంటే నౌకరీ కాదు. పెండ తియ్యాలె, బర్ల కాయాలె, వాళ్లు పొమ్మనేదాక పోరాదు. పదహారేండ్లకు తప్పిచ్చుకోని పారిపోయి ఒక చర్చి హాస్టల్ వంటింట్ల దాక్కున్న. అక్కడి పాస్టరే నాకు అక్షరాలు చెప్పిండు. పాతకాలంల అమెరికాల బానిసగ పుట్టిన ఒక నల్లాయన ముచ్చట కూడా ఆయనే చెప్పిండు. బానిస చదివితే కొరడాతోని తోలు వలిచే జాగల, ఆయన చాటుంగ చదువు నేర్చుకున్నడట. విడుదలైనంక బడి పెట్టి పిల్లలకు చదువు చెప్పిండట, చర్చిల వాక్యం చెప్పిండట. ఆయన పేరు నాకు యాది లేదు గని, నేను గూడ గట్లనే కావాలెనని గప్పుడే అనుకున్న.

ఈ ముచ్చట ఒకరోజు రూముల గూడ చెప్పిన. కాక ఒక్కడే అడిగిండు, "మరి దొరకలేదా పంతులూ?"

"దొరకలేదు కాకా," అన్న. నాకేమెరుక? ఊకెనే అన్న.

కాకంటే సొంత చిన్నాయన కాదు, జగిత్యాల దిక్కు మనిషి. షట్టరింగ్ పని, యాభై ఏండ్లకు దగ్గర. సగం ఎక్కిరిచ్చుకుంటనే నన్ను పంతులూ అని పిలుస్తుండె, తర్వాత అందరికి అదే పేరు పడ్డది. పేరుల అయిదక్షరాలు రాయనీకి కాకకు అయిదు నెలలు పట్టింది. రాయనొచ్చిన రోజు "అబ్బో, నేను గూడ ఆఫీసరునైతిగదరా" అని మంచాల మీదికి ఎక్కి అందరికి చూపిచ్చిండు.

రెండువేల ఆరు ఎండకాలంల చిన్నమ్మకు, అంటే కాక భార్యకు, కడుపుల గడ్డ ఉన్నదన్నరు. కరీంనగర్ల ఆపరేషన్. ఆయన రాంది కత్తి కిందికి పోనని ఆమె ఫోన్ల మొండికేసింది. కాక ఛుట్టీ అడిగిండు, ముదీర్, అంటే మా మేనేజరు, సరేనన్నడు, టికెట్ గూడ అయింది. ఇగ ఆఫీసుల ఒక్క కాగితం మీద ఏలిముద్ర వెయ్యాలె, అంతే.

కాక నెత్తి దువ్వుకోని పోయిండు. క్లర్కు ఎప్పటిలెక్క ఇంకుప్యాడ్ ముందుకు జరిపిండట. కాక దాన్ని అవతలికి నూకి, పెన్నియ్యి అని సంతకం చేసిండట. పాస్‌పోర్టుల ఏలిముద్ర, ఫైలుల ఏలిముద్ర, ఈ కాగితం మీద సంతకం! అప్పట్ల ఒకని పాస్‌పోర్టు మీద ఇంకొకడు దిగుడు ఉండేది. ఈ మనిషి ఆ మనిషి కాదని వాళ్లకు అనుమానమొచ్చింది. కాకకు భయంతోని వచ్చిన నాలుగు హిందీ ముక్కలు గూడ పోయినయ్. తెలుగు తెలిసినోణ్ణి పిలువమన్నరు. నన్నే పిలిచిండ్రు.

లోపలికి పోంగనే ముదీర్ కుర్చీల వెనుకకు వాలి నన్ను చూసిండు. "అడుగు వీణ్ణి. ఎవడు నేర్పిండు? క్యాంపుల క్లాసు నడుస్తున్నదని విన్న."

నేనే నేర్పిన సాబ్ అంటే అయిపోతుండె. కాక మనిషి నిజమైనోడేనని తేలుతుండె, ఇంటికి పోతుండె. నన్ను మాత్రం కేన్సిల్ చేస్తుండ్రి. మళ్ల ఊరు, మళ్ల పటేలు వాకిలి. ముప్పై ఏండ్లు దాటినా నాకు ఆ వాకిలంటే ఒణుకే.

కాక దిక్కు మళ్లి అడిగిన, "ఎవరు నేర్పిండ్రని అడుగుతున్నరు కాకా."

ఆ ప్రశ్న నా నోట్లకెల్లే వచ్చింది. కాక నా దిక్కు చూసిండు. కోపం లేదు. అది చూసి నాకు ఇంకింత భయమైంది.

"నాకు రాయరాదని చెప్పు. సోకుకు ఎవరో గీసిచ్చింది సూసి దించిన అను."

చెప్పిన. అట్లనే హిందీల, ఒక్క ముక్క పోకుండ చెప్పిన. ముదీర్ తెల్లకాగితం ముందట వెట్టి, మళ్ల రాయమన్నడు. కాక పెన్నును సుత్తె పట్టినట్టు పిడికిట్ల పట్టి రెండు వంకర గీతలు గీసి, నవ్విండు. తర్వాత బొటనేలు ప్యాడ్ మీద ఒత్తి కాగితం మీద పెట్టిండు. ఫైలుల ముద్రతోని కలిసింది. "ఖలాస్, పో," అన్నడు ముదీర్.

నాకు ప్రాణం లేచొచ్చింది. అవును, సంతోషమే అయింది, ఎందుకు దాచాలె? ఇప్పుడు నేను పాస్టర్ను, ఆదివారం లేచి నిలవడి భయపడకుండ్రి అని చెప్త. ఈ ముచ్చట మాత్రం ఇంతవరకు ఎవ్వరికి చెప్పలే.

చిన్నమ్మ బతికింది. రెండు నెలలకు కాక తిరిగొచ్చిండు. శుక్రవారం అందరు కూసున్నంక కాక చేతికి పెన్సిలిచ్చిన. తీసుకోలే. స్టూలు పట్టుకపోయి తలుపు బయట ఏసుకున్నడు.

"మీరు రాసుకోన్రి పంతులూ. ఎవడన్నొస్తే నేను దగ్గుత."

లోపలికి రా కాకా అని నేను అనాల్సుండె. అనలే. తలుపు దగ్గరికేసి, పాఠం షురూ చేసిన.