పొట్టు తీసిన గోడ

టెక్కలి బస్టాండులో పలాస బస్సు కోసం నిలబడి ఉన్నాను. అప్పుడే దిగిన మా వీధి ఆవిడ నన్ను చూసి, "మీ అత్త పోయింది బాబూ, తెల్లారగట్ల" అంది. "గదిలోనేనా?" అన్నాను. "గదిలోనే. కిటికీ పక్కన." నాకు ఏడుపు కంటే ముందు గర్వం వచ్చింది. ఆ గదీ ఆ కిటికీ ఎలా నిలబడ్డాయో తెలిస్తే మీకూ వస్తుంది.

ఆమె నాకు రక్తసంబంధం కాదు, పక్క గది. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పని ఆమెదీ మా అమ్మదీ. కార్ఖానా షావుకారిదే, దాని వెనక మేం అద్దెకున్న పది గదుల వరసా ఆయనదే. గది గురించి నోరెత్తితే పని పోతుంది, పని పోతే గది పోతుంది. అందుకే ఎవరూ ఎత్తేవారు కాదు.

అత్త చేతిలో పప్పు విరిగేది కాదు. చిన్న కత్తితో పొట్టు లేపి, ఒకసారి వాసన చూసి, బూజు తగిలితే పక్కనున్న రేకు డబ్బాలో వేసేది. "పైన సూసి మురిసిపోకు అల్లుడా, పొట్టు తీసి సూడు" అనేది. సంబంధాల విషయంలోనూ అదే మాట, ఓట్లడగ వచ్చినవాళ్ల విషయంలోనూ అదే మాట.

ఒక ఏడు తుపాను వానలు ఆగలేదు. మా గదుల వెనక గోడకు ఆనించి కార్ఖానావాళ్లు తడిసిన గోనెసంచులు పేర్చారు. గదులకు కిటికీలు లేవు. నల్లటి బూజు మొదట మోకాలెత్తున లేచి, తర్వాత చాపకీ బట్టలకీ పాకింది. అత్తకు దగ్గు పట్టుకుంది. నాలుగో గదిలో చంటిపిల్ల ఊపిరి తీస్తే ఈల వేసినట్టుండేది.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు, దొరికిన కరపత్రమల్లా చదివేవాణ్ణి. ఆవేశంగా రెండు పేజీల అర్జీ రాసి చదివి వినిపించాను. అత్త ఓపిగ్గా విని, "పీడన అన్నావు, దోపిడీ అన్నావు, బాగుంది. ఇందల గోడేదిరా?" అంది.

మళ్లీ రాయించింది. ఏ గోడ, చెమ్మ ఎన్ని జానలు ఎక్కింది, ఎవరికి ఎప్పట్నుంచి దగ్గు. నా దగ్గరున్న చట్టాల చిన్న పుస్తకంలో పనిచేసే చోట గాలీ వెలుతురూ ఉండాలనీ, అద్దెకున్నవాళ్లు మరమ్మతు అడగవచ్చనీ, కోర్టు ఉత్తర్వు లేకుండా సామాను బయట పడేయకూడదనీ ఉంది. ఆ చివరి మాట మూడుసార్లు చదివించుకుంది. చదువు రాని మనిషి, కంఠతా పట్టేసింది.

ఆ అర్జీ లేబరాఫీసులో ఇచ్చాం. విచారణకు ఆఫీసరు వస్తున్నాడన్న కబురు మాకంటే ముందు షావుకారుకి అందింది. ముందురోజే పది గదులకూ సున్నం కొట్టించేశాడు. ఆఫీసరు వచ్చేసరికి గోడలు కొంగ రెక్కల్లా ఉన్నాయి. "ఏదయ్యా బూజు?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ దొంగలేనని, ఆయన్ని కూడా కలిపి, అరిచాను. ఆయన విసురుగా వెనక్కి తిరిగాడు. అర్జీ అక్కడితో చచ్చిపోయేదే.

"అల్లుడా, కాసేపు నోరు కట్టీ" అంది అత్త. తర్వాత ఆఫీసరుతో, "బాబూ, ఒక్క నిమిషం. పొట్టు తియ్యడం మా పని."

నడుం దగ్గర దోపుకున్న కత్తి తీసింది. పప్పు మీద ఎలా ఆనిస్తుందో గోడ మీదా అలాగే, నెమ్మదిగా ఆనించి లేపింది. చెమ్మ గోడకు పట్టని సున్నం పెచ్చులుగా రాలింది. కింద నల్లగా, తడిగా, జానెడు మేర గోడ బయటపడింది. పని దగ్గర్నుంచి వెంట తెచ్చిన రేకు డబ్బాలోంచి ఒక పప్పు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"దీనికి బూజు పట్టిందని షావుకారే పక్కనెట్టిత్తారు బాబూ, మనుసులు తినకూడదని. మరి మమ్మల్ని పీల్సమంతారేటి?"

"నచ్చకపోతే ఖాళీ చేసి పోవే" అన్నాడు షావుకారు.

"కోర్టు కాయితం తెండి, పోతాను."

వెళ్లబోయిన ఆఫీసరు కుర్చీ అడిగి కూర్చున్నాడు, అంతా రాసుకున్నాడు. సంచులు కదిలాయి. గోడలు ఇటుక దాకా గీకి కొత్తగా పూత వేశారు. గదికో కిటికీ పెట్టారు. అత్తను మాత్రం రెండు నెలలు పనికి పిలవలేదు. మందస వైపు తోటల్లో జీడిపిక్కలేరుకుని బతికింది, గది మాత్రం వదల్లేదు. చివరికి షావుకారే కబురు పెట్టాడు, విరక్కుండా పొట్టు తీసే చెయ్యి ఇంకోటి దొరక్క.

దగ్గు మాత్రం పోలేదు. నేను రగిలిపోతుంటే, "నా రొమ్ము మాట ఒగ్గీ. నాలుగో గది పిల్ల పరిగెడతాంది, అది సూడు" అనేది. ఆ తర్వాత ప్రతి వానాకాలం పది గదులూ తిరిగేది. కత్తి మొనతో గోడ చిన్నగా గీకి, రాలిన పొడిని వేళ్ల మధ్య నలిపి చూసేది.

ఆ రోజు టెక్కలి నుంచి నేను చేరేసరికి వాన వెలిసింది. అత్తను గదిలోనే పడుకోబెట్టారు. కిటికీలోంచి గాలికి ఆమె తలవైపు పెట్టిన దీపం ఊగుతోంది. నాలుగో గది ఆవిడ ఏడుస్తూనే లేచి, కిటికీ గూట్లోంచి ఆ కత్తి తీసింది. దీపం వెనక గోడ కాస్త గీకింది. రాలిన పొడిని వేళ్ల మధ్య నలిపి, అత్త చెవి దగ్గర వంగి అంది.

"పొడిగానే ఉందే, వదినా."