సెట్ కింద పెట్టు

హెడ్‌సెట్ తీసినప్పుడల్లా చెవుల చుట్టూ నల్లటి పొట్టు మిగులుతుంది. చెవికి ఆనే స్పాంజి మీది తోలు ఎండిపోయి రాలుతోంది. తువ్వాలుతో తుడుచుకుంటాను, మర్నాడు మళ్లీ రాలుతుంది. దగ్గరగా పెట్టుకుంటే టంకం వేసిన వాసన ఇంకా వస్తున్నట్టు అనిపిస్తుంది. ఇన్నేళ్ల తర్వాత ఆ వాసన మిగిలి ఉండదని నాకు తెలుసు. వైరు మధ్యలో చిన్న స్విచ్ ఉంది. నొక్కితే టిక్‌మంటుంది. నొక్కి పట్టుకున్నంతసేపే నా మాట అవతలికి వెళ్తుంది. ఆ స్విచ్ అతికించిన యాకూబ్ చాచా పోయిన చలికాలంలో చనిపోయారు.

ఈ వారం మా గ్రూపులో ఓటింగ్ పెట్టారు. ఫోన్లో తుపాకుల ఆట ఆడేవాళ్లం ముప్ఫైమంది దాకా ఉన్నాం. నలుగురేసి జట్టుగా దిగుతాం. ఆడేటప్పుడు బూతులు తిట్టొచ్చా, వద్దా అన్నది ప్రశ్న. తిట్లు లేకుండా ఆడితే పరీక్ష రాస్తున్నట్టు ఉందని ఒకరు రాశారు. ఇంట్లో పిల్లలు వింటున్నారని ఇంకొకరు. స్నేహితులు తిట్టుకుంటే తప్పేంటని మరొకరు. గ్రూపు చూసుకునేది నేనే కాబట్టి చివరి మాట నాది. రెండు రోజులైనా ఏదీ నొక్కలేదు. ఇలాంటి వాదనలు ఇదివరకు చాలా చదివాను, అన్నింటిలోనూ కొంత నిజం ఉంటుంది, చదివాక అలసట మాత్రం మిగులుతుంది. ఈ విషయంలో నాకు తెలిసిన కాస్తా చాచా దగ్గర నేర్చుకున్నదే.

ఆయన్ని మొదటిసారి చూసింది కార్ఖానా అనే పేటలో. బస్టాపు వెనక ఒక షట్టరును రెండుగా విడగొట్టి, ఒక సగంలో ఆయన ఫోన్లు, హెడ్‌సెట్లు బాగుచేసేవారు, ఇంకో సగంలో నరేష్ బైకులు బాగుచేసేవాడు. చాచాది వరంగల్ వైపు. సైన్యంలో వైర్‌లెస్ సెట్ల మీద పనిచేసి, హవల్దారుగా రిటైరై, సైనిక్‌పురిలో చిన్న వాటాలో ఉండేవారు. నేను బోయిగూడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. కళ్లు అలిసిపోయిన సాయంత్రాలు ఆట ఆడటం అప్పటికి రెండేళ్లుగా అలవాటు. నా హెడ్‌సెట్‌లో ఒక చెవి పలకడం మానేస్తే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. విప్పి చూసి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

"చెవి పోయింది, ఓకే. మైకు కొత్తగున్నదేంది బిడ్డా? ఒక్కసారి సుత నోరు తగలనట్టున్నది."

"మైకు వాడను. ఆపేసి ఆడతాను."

"మరి నలుగురు ఆడే ఆటల నీ మాట ఎవరికి ఎరుక?"

ఆడగొంతు వినపడగానే ఏం మొదలవుతుందో చెప్పాలనిపించలేదు. ఆయనా అడగలేదు. పక్కనుంచి నరేష్, చేతులకు గ్రీజుతో, "అక్కా, మేమిద్దరమే ఉన్నం. చాచాకు నేనే నేర్పిన ఆట. నువ్వు సుత రా" అన్నాడు. చాచా నా వైరును మధ్యలో కోసి, పాత టార్చిలైటులోంచి తీసిన స్విచ్ ఒకటి అతికించి ఇచ్చారు. "నొక్కు, చెప్పు, వదులు. అంతే. నీ నంబరు మూడు" అన్నారు.

ఆయన ఒకటి, నరేష్ రెండు. నాలుగో చోటులోకి ఆటే ఎవరో తెలియనివాళ్లను తెచ్చి కూర్చోబెట్టేది. ఒకటో నంబరును చాచా కంట్రోల్ అనేవారు. సాయంత్రం ఆరున్నరకు కంట్రోల్ పిలుస్తుంది: రెండు, మూడు. పిలిచినవాళ్లు పలకాలి. తర్వాత ఎక్కడ, ఎందరు, ఏ దిక్కు అన్న మాటలే ఉండాలి. తిట్టు వినపడితే "సెట్ కింద పెట్టు" అనేవారు. అంటే ఆట వదిలి లేవాలి, వారం దాకా రాకూడదు. మొదటి నెలలో నరేష్ మూడు వారాలు బయటే ఉన్నాడు.

"చాచా, నేను మనిషిని తిట్టలే. స్టాండు జారి బండి కాలు మీద పడ్డది, దాన్ని తిట్టిన."

"బండి సెట్ మీద ఉన్నదారా?"

"లేదు."

"మరి మాకెందుకు చెప్పినవ్?"

తర్వాత నరేష్ దారి మార్చాడు. గుండు తగిలినప్పుడల్లా "నీ క్లచ్ ప్లేటు, నీ సైలెన్సరు" అనేవాడు. చాచా స్విచ్ నొక్కి, చాలా మర్యాదగా, "రెండు, సైలెన్సరు ఏ దిక్కున కనపడ్డది?" అని అడిగేవారు. నేను స్విచ్ వదిలేసి నవ్వుకునేదాన్ని. రెండేళ్లు నోరు మూసుకుని ఆడిన ఆటలో "ఉత్తరం వైపు ఇద్దరు, గోడ వెనక" అని నా గొంతుతో నేను చెప్పడం, ముగ్గురు ఆ వైపు తిరగడం నాకు పెద్ద విషయం. ఈ సంగతి ప్రెస్సులో ఎవరికీ చెప్పలేదు. చెబితే చిన్నదిగా వినపడుతుంది.

ఒకసారి ఆయనతో వాదించాను. "మీ సెట్ల మీద ఒకరు కీ నొక్కితే ఇంకొకరి మాట రాదు. ఇందులో అట్లా కాదు కదా చాచా, నలుగురం ఒకేసారి మాట్లాడొచ్చు."

"మాట్లాడొచ్చు బిడ్డా. వినుడు అయితదా?" అన్నారు. టంకం చల్లారేదాకా ఊదుతూ కూర్చుని, తర్వాత చెప్పారు. మంచు పడే చోట ఒక పోస్టులో ఉన్నప్పటి సంగతి. బ్యాటరీ సరిగ్గా లేక సెట్ దగ్గరున్న జవాను కీ నొక్కిపట్టి బ్యాటరీని, దాన్ని పంపినవాళ్లను బండబూతులు తిట్టాడు. అదే సమయానికి దారి తప్పిన మనవాళ్లు కింద నుంచి పిలుస్తున్నారు.

"తర్వాత?" అని నరేష్ అడిగాడు.

"తర్వాత వచ్చిన్రు. అందరు రాలే."

"తిట్టింది ఎవరు చాచా?"

ఆయన ఎవరిదో ఫోను తిరగేసి స్క్రూలు విప్పడం మొదలుపెట్టారు.

ఏడాదిన్నర అలాగే గడిచింది. ఒక రోజు నరేష్ శిక్షలో ఉన్నాడు, కాబట్టి జట్టులో ఇద్దరు కొత్తవాళ్లు. నేను పలికిన మొదటి మాటకే అందులో ఒకడు, "ఆంటీ, వంట అయిపోయిందా?" అన్నాడు. పట్టించుకోలేదు. తర్వాత నా ఒంటి గురించి మొదలుపెట్టాడు. అతని గొంతులో కోపం లేదు. ధర అడుగుతున్నట్టు తీరిగ్గా ఒక్కో మాటా అన్నాడు. చాచా ఏదో అంటారని చూశాను. ఆయన అనలేదు. ఆరో మాటకు నేను స్విచ్ నొక్కి, బోయిగూడలో నీళ్ల ట్యాంకరు దగ్గర విన్నవి, ఎప్పుడూ నోటితో అననివి రెండు అన్నాను. వాడి తల్లిని కూడా అందులోకి లాగాను. వెంటనే చాచా గొంతు వచ్చింది.

"మూడు, సెట్ కింద పెట్టు. వారం."

పెట్టేశాను. జరిగింది చెప్పలేదు. చెప్పాలంటే వాడు అన్నవన్నీ నా నోటితో, తండ్రి వయసు మనిషి ముందు మళ్లీ అనాలి. వారం గడిచినా వెళ్లలేదు. నెల దాటింది. ప్రూఫులు ఇంటికి తెచ్చుకుని సాయంత్రాలు నింపాను. ఆయన అన్నది రూలే. ఆ రూలు వల్లే నాకు గొంతు వచ్చింది, దాన్ని తీసేసుకున్నదీ అదే. నోరు మూసుకుని ఆడిన రోజులే నయం అనుకున్నాను. ఆ రోజుల్లో నన్ను తిట్టినవాళ్లు ఉన్నారుగానీ శిక్షించినవాళ్లు లేరు.

నరేష్ ఫోన్ చేశాడు. "అక్కా, చాచా రోజు నీ నంబరు పిలుస్తుండు. మూడు, మూడు అని రెండుసార్లు పిలుస్తడు. జెరసేపు ఆగుతడు. అటెన్క ఆట షురూ చేస్తడు. నాకే తక్లీఫ్ అయితున్నది చూస్తుంటే."

"ఆయన్ని పిలవొద్దని చెప్పు."

"నేను చెప్తే వింటడా? నువ్వే వచ్చి చెప్పు."

నేను వెళ్లలేదు. ఆయనే వచ్చారు. మా ప్రెస్సు రెండో అంతస్తులో ఉంది, మెట్లు నిటారుగా ఉంటాయి, ఆయనకు మోకాళ్లు బాగాలేవు. ఎక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఊపిరి కుదురుకునేదాకా గోడ మీది క్యాలెండరు చూశారు. నీళ్లిస్తే తాగారు.

"ఆ దినం నీ మాట ఒక్కటే విన్న. దాని ముంగట వాడేమన్నడు?"

"మీరు వినలేదా?"

"గిరాకొచ్చిండు. సెట్ తీసి మెడల ఏసుకున్న. మళ్ల చెవికి పెట్టేటాల్లకు నీ మాట వచ్చింది."

అంతసేపూ ఆయన విని ఊరుకున్నారనే అనుకున్నాను. నెల రోజులు మోసిన బాధ అది. "నేను చెప్పలేను చాచా" అన్నాను.

"చెప్పకు. నీ పని రాతదే గదా. రాయి."

పాత ప్రూఫు కాగితం తిప్పి వెనక వైపు రాశాను. ఆరు వాక్యాలు. ఆయన కళ్లజోడు సరిచేసుకుని వేలు పెట్టి చదివారు. తెలుగు మెల్లగా చదివేవారు కాబట్టి ఆ చదవడం చాలాసేపు పట్టింది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నేను తిట్టింది తప్పు కాదా మరి?" అని అడిగాను. కాదంటారని ఆశపడ్డాను.

"తప్పే. కని అది రెండోది. మొదటిది నేను వినలే." లేవడానికి బల్ల పట్టుకున్నారు. "కంట్రోలోడు సెట్ మెడల ఏసుకుంటే ఇంగ రూలెందుకు. ఈ వారం నేను కింద పెడుత. నువ్వు పిలువు."

"మీరెందుకు చాచా?"

"నరేష్‌ను బండి తిట్టినందుకు కూసోబెట్టిన బిడ్డా. నన్ను కూసోబెట్టకపోతే వాడేమనుకుంటడు?"

ఆ వారం నేను కంట్రోల్. మొదటి రోజు ఆరున్నరకు స్విచ్ నొక్కి "రెండు" అని పిలిచాను. నరేష్ "రెండు హాజర్" అని స్కూల్లో పలికినట్టు పలికాడు. ఆట మధ్యలో వాడి వైపు నుంచి, షట్టరు ఆ సగంలో చాచా ఎవరితోనో ఛార్జరు గురించి మాట్లాడటం వినపడింది. ఒక్కసారి కూడా సెట్ ముట్టుకోలేదట. ఎనిమిదో రోజు సాయంత్రం నేను "ఒకటి" అని పిలిస్తే, "ఒకటి. కంట్రోల్ నువ్వే ఉండు బిడ్డా, నాకు చెవులు సుత తగ్గినయ్" అన్నారు. చెవులు తగ్గిన మాట నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత మరో మూడేళ్లు ఆడాం. గ్రూపు పెరిగింది. ఆయన పోయిన తర్వాత దుకాణం సామాను సర్దడానికి నరేష్‌కు సాయం వెళ్లాను. నేను రాసిచ్చిన కాగితం సొరుగులో ఉంటుందేమోనని వెతికాను. లేదు. ఎవరూ చదవకుండా చింపేసి ఉంటారు.

నిన్న నరేష్ అడిగాడు, "ఓటింగుల ఏం నొక్కుతున్నవక్కా? అందరు పరేషాన్ అయితున్రు."

"నువ్వేం నొక్కావు?"

"వద్దన్న. నాకు అలవాటు పోయింది. ఇప్పుడు తిడదామన్నా సైలెన్సరే వస్తది."

ఇవాళ గ్రూపులో రాశాను. తిట్టినవాళ్లను వారం కూర్చోబెట్టే రూలు ఉంటుంది. కానీ కూర్చోబెట్టే ముందు, అంతకుముందు ఎవరు ఏమన్నారో కంట్రోల్ విని ఉండాలి. వినకపోతే, కూర్చోవలసింది కంట్రోల్. చాలామందికి నచ్చలేదు. ఇది జవాబు కాదని ఒకరు రాశారు. కావచ్చు.

తోలు ఊడిన చోట స్పాంజి చెవికి గుచ్చుకుంటోంది. మధ్యలో ప్రెస్సు నుంచి ఫోను వస్తుంది, పాలవాడు బెల్లు కొడతాడు. ఆట అయ్యేదాకా హెడ్‌సెట్ మెడ మీదికి దించను.