నడిచే సర్వర్ వైరు గుంజింది నేనే

"ఆడపిల్లకు గీ మిషన్ల లొల్లెందుకు" అన్నోళ్లందరు ఇయ్యాల్ల గిది సదువుండ్రి!

కండ్లకోయల ఒక కాలేజీకి రిజల్ట్స్ వచ్చినప్పుడల్ల వాళ్ల వెబ్‌సైటు పడిపోతుండె. నా బిడ్డ రెండు సర్వర్లు జోడించింది. ఒకటి ఆగితే రెండోది దానంతట అదే పని అందుకుంటదట. ఆ కాలేజీ పని ఆమెకియ్యాల్నా వద్దా అని ఇయ్యాల్ల పరీక్ష. మేడ్చల్ నుంచి బండి మీద నేనే తీస్కపోయిన.

"నడిచేదాని వైరు గుంజుండ్రి సార్" అన్నది. కాలేజీ పెద్దసారుకు ధైర్యం సాలలే.

"అయితే నువ్వు గుంజు బాపూ."

ట్రాక్టర్‌కు మొక్కినట్టు మొక్కి గుంజేసిన. సారు ఫోన్ల పేజీ జరసేపు తిరిగి, మళ్ల తెరుసుకున్నది!

"పెద్దమనిషీ, సరైన వైరే గుంజినవా?" అన్నడు సారు. చేతిల వైరు పైకెత్తి సూపించిన. నవ్వాగలేదు నాకు.

పని ఆమెకే ఇచ్చిండ్రు. ఇచ్చుకుంటనే సారు, "సర్వర్లు సూసుకునేటందుకు ఒక మొగపిల్లగాన్ని పెట్టుకోమ్మా" అన్నడు.

"ఇప్పుడు సైటును ఏ మొగోడొచ్చి లేపిండు సార్?" అన్న.

ఊకోమని నా బిడ్డ కండ్లతోనే బతిమిలాడింది. నేనెందుకు ఊకుంట? మీరైతే ఊకుందురా? జెప్పుండ్రి.